రేణిగుంట విమానాశ్రయం: గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఉద్యోగంలో ఎదుగుదల - చారిత్రక పరిశీలన

తిరుపతి విమానాశ్రయ చరిత్రలో 2015 అక్టోబరు 22న ప్రారంభమైన గరుడ టెర్మినల్ ప్రస్తావన తప్పక వస్తుంది. రేణిగుంటలో విమానం దిగగానే సామాను దించేవారు, మెట్ల బండి నడిపేవారు మాత్రం ఆ చరిత్రలో కనిపించరు. దేశంలో వీరి ఉద్యోగస్వరూపం మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1953లో జరిగిన జాతీయీకరణ తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఈ పనులను ప్రధానంగా తన సొంత సిబ్బందితోనే చేయించింది. శాశ్వత ఉద్యోగంలో పదోన్నతికి సర్వీసు కాలం ఒక ఆధారం. 2003లో ఎయిర్ ఇండియాకు అనుబంధంగా గ్రౌండ్ హ్యాండ్లింగ్ కోసం ప్రత్యేక కంపెనీ ఏర్పడింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల పరమైనా, ఆ కంపెనీ ప్రభుత్వం వద్దే మిగిలింది.

ఆ కంపెనీ ఇటీవలి నియామక ప్రకటనలను గమనిస్తే రెండు అంశాలు స్పష్టమవుతాయి. ఒకటి, ఉద్యోగం నిర్ణీత కాల ఒప్పందంపై లభిస్తుంది. రెండు, ప్రతి మెట్టుకూ వేరే అర్హత ఉంది. హ్యాండీమ్యాన్‌కు పదో తరగతి చాలు. ర్యాంప్ డ్రైవరుకు దానితోపాటు భారీ వాహన లైసెన్సు ఉండాలి. ర్యాంప్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్‌కు ఆ లైసెన్సుతోపాటు ఇంజనీరింగ్ డిప్లొమా లేదా ఐటీఐ తప్పనిసరి.

అంటే, సామాను మోసే పనిలో ఎన్నేళ్ల అనుభవమున్నా, లైసెన్సు లేనిదే పై మెట్టు అందదు. దానికయ్యే ఖర్చూ సమయమూ రేణిగుంట, ఏర్పేడు ప్రాంతాల యువత సొంతంగా సమకూర్చుకోవలసినవే. ఒకనాడు సర్వీసుతో ముడిపడిన ఎదుగుదల నేడు ఉద్యోగి వ్యక్తిగత భారంగా పరిణమించింది. విమానాశ్రయాల చరిత్రను భవనాల ప్రారంభోత్సవాలకే పరిమితం చేస్తే ఈ మార్పు మన దృష్టికి రాదు.