ఆకు, పువ్వు, జిగురు, నూనె: ఒక మొక్కకు చట్టం పెట్టిన పేర్లు

పత్తి, కంది సాళ్ల మధ్య పెంచిన గంజాయి మొక్కలను పీకి కాల్చేశారన్న వార్త మన ఏజెన్సీలో కొత్తది కాదు. వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో పేపర్ల జిల్లా పేజీలో ఏదో ఒక గూడెం పేరు కనబడుతుంది. ఫొటోలో మొక్కల కుప్ప, వెనుక అధికారులు, పక్కన తల వంచుకున్న ఒక రైతు. విత్తనం తెచ్చి ఇచ్చినవాడు, పంట కొనుక్కుపోయేవాడు ఆ ఫొటోలో ఉండరు.

హైదరాబాద్‌లో హాష్ ఆయిల్ పట్టుబడిందన్న వార్త చదివి, మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు "సార్, ఇది గంజాయేనా, వేరేదా?" అని అడిగాడు. రెండూ ఒకటేనని చెప్పేశాం. ఇంటికి వచ్చి చట్టం తెరిచి చూస్తే మేము చెప్పింది సగమే నిజమని తెలిసింది. మొక్క ఒకటే. శిక్ష ఒకటి కాదు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని చదివిందే ఈ వ్యాసం.

ముందు ఇప్ప చెట్టుతో మొదలుపెడదాం. ఇప్పపువ్వును ఎండబెట్టి తింటాం, పిల్లలకూ పెడతాం. అదే పువ్వును పులియబెట్టి, కాచి, ఆవిరి పడితే సారా అవుతుంది. పువ్వులో లేని మత్తు సారాలో ఉంటుంది. గంజాయిలో జరిగేది కొంచెం వేరు. ఇక్కడ మత్తు మొక్కలోనే ఉంది. ఆడ మొక్క పూత మీద సన్నని నూగులాగా ఉండే జిగురులో అది ఎక్కువ. ఆకులో తక్కువ, పూతలో ఎక్కువ. జిగురును విడదీస్తే ఇంకా ఎక్కువ, ఆ జిగురు సారాన్ని నూనెగా తీస్తే అన్నిటికన్నా ఎక్కువ. మత్తునిచ్చే పదార్థం పేరు టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో మెకోలం, గావోనీ అనే శాస్త్రవేత్తలు దాన్ని విడిగా తీసి చూపించారు. కొన్ని నూనెల్లో అది సగానికి పైగా కూడా ఉంటుంది.

ఆకుకు భంగు, పూతకు గంజాయి, జిగురుకు చరస్. ఈ పేర్లు ఉత్తర భారతంలో పాతవే. పంజాబుకు చరస్ హిమాలయాల అవతల యార్కండ్ నుంచి, లేహ్ మీదుగా గుర్రాల మీద వచ్చేది. గంజాయికి బెంగాల్‌లోని నౌగావ్ పేరుమోసింది. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. నూనె సంగతి వేరు. సారం తీసి సీసాలో పోసే పద్ధతిని ఇంగ్లిషు వైద్యంలోకి తెచ్చింది ఏ దొంగ వ్యాపారో కాదు, ఒక డాక్టరు. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఓషానెస్సీ 1839లో గంజాయి సారంతో చేసిన మందును ధనుర్వాతం, కీళ్ల నొప్పుల రోగుల మీద వాడి ఆ వివరాలు రాశాడు. ఆ తర్వాత ఇంగ్లండు మందుల షాపుల్లో కూడా గంజాయి టింక్చరు అమ్మారు. అంటే ఇవాళ పోలీసులు పట్టుకుంటున్న సీసాకు తాత ఒకప్పుడు డాక్టరు బల్ల మీద ఉండేది.

ఆ తర్వాత సర్కారు వచ్చింది. గంజాయి తాగితే జనం పిచ్చివాళ్లవుతున్నారని ఇంగ్లండు పార్లమెంటులో గోల లేస్తే, 1893లో ఒక కమిషన్ వేశారు. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. వెయ్యికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని లేదు, పూర్తిగా నిషేధించవద్దు, పన్ను వేసి అదుపులో పెట్టండి అన్నది దాని సారాంశం. పన్ను వచ్చే పంటను సర్కారు అంత తేలిగ్గా వదులుకోదు, ఇది మా మాట.

మాకు ఆ నివేదికలో ఆసక్తి కలిగించింది వాళ్ల ప్రశ్నల పట్టిక. మొత్తం 70 ప్రశ్నలు. మొదట్లోనే డాక్టర్ ప్రెయిన్ రాసిన నిర్వచనాలు ఇచ్చారు: ఎండిన ఆకు భంగు, జిగురు పట్టిన ఆడ మొక్క పూత గంజాయి, విడిగా తీసిన జిగురు చరస్. మీ ప్రాంతానికి ఇవి సరిపోతాయా అని సాక్షులను అడిగారు. సాక్షుల్లో ఎక్కువమంది అధికారులు. మన పెన్‌గంగకు అవతల ఒడ్డునున్న బేరార్ నుంచి కూడా సాక్ష్యాలు తీసుకున్నారు. యవత్మాల్ వైపు మన చుట్టాలుండే ఊళ్లు అందులోవే. బెంగాల్ పంటను చూసి ఒక డాక్టరు రాసుకున్న విభజన అలా దేశమంతటికీ కొలబద్ద అయింది.

1961లో ఐక్యరాజ్య సమితి ఒప్పందం వచ్చింది. గంజాయి మానడానికి మన దేశం 25 ఏళ్ల గడువు తీసుకుంది. గడువు దగ్గర పడుతుండగా 1985లో మాదక ద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్, చేశారు. ఒప్పందం ఆకును వదిలేసింది, మన చట్టం కూడా వదిలేసింది. పూత లేని ఆకు, విత్తనం గంజాయి కిందికి రావు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో సర్కారు లైసెన్సుతో భంగు అమ్ముతారు, పూత దొరికితే జైలు. నూనెను మాత్రం చట్టం చరస్‌లో కలిపింది. జిగురు ఏ రూపంలో ఉన్నా, శుద్ధి చేసినా చేయకున్నా, చిక్కటి సారమైనా, హాషిష్ ఆయిల్ అయినా చరసే. ఫోన్‌లో మన పిల్లలు చూసే వ్యాక్స్, షాటర్ లాంటి కొత్త పేర్లన్నీ అదే గూటికి చేరతాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, 2019 నుంచి కెనడాలో అలాంటివి చట్టబద్ధమే. ఆ వీడియో జైనూర్‌లో చూసినంత మాత్రాన ఆ చట్టం జైనూర్‌కు రాదు.

2001లో చట్టాన్ని సవరించి బరువును బట్టి శిక్షలు పెట్టారు. గంజాయి కిలోకు తక్కువైతే చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. చరస్, నూనె అయితే 100 గ్రాములకు తక్కువ చిన్నది, ఒక్క కిలో దాటితే వాణిజ్యం. చిన్నదానికి ఇప్పుడు ఏడాది వరకు జైలు, మధ్యలో ఉన్నదానికి పదేళ్ల వరకు, వాణిజ్యానికి పది నుంచి ఇరవై ఏళ్లు. అర కిలో గంజాయి పొట్లంతో దొరికినవాడికి ఏడాది మించదు. అర కిలో నూనె సీసాతో దొరికినవాడికి పదేళ్ల దాకా పడవచ్చు. అందులో వేరే నూనె కలిపారని చెప్పుకున్నా లాభం లేదు. కలిపినదంతా లెక్కేనని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మోసేవాడికి ఈ లెక్క తెలియదు. చిన్న సీసా, సంచిలో పడుతుంది, వాసన రాదు, బస్సెక్కి దిగితే చాలు, రెండు వేలు ఇస్తామంటారు. చూపుకు చిన్నదైతే తప్పు కూడా చిన్నదే అనుకుంటాడు పద్దెనిమిదేళ్ల కుర్రవాడు.

చేసే రైతుకు ఇంకో దెబ్బ ఉంది. 1985లో గంజాయి సాగుకు శిక్ష ఐదేళ్ల వరకు. 2001 సవరణ తర్వాత పదేళ్ల వరకు, లక్ష దాకా జరిమానా. మోసేవాడికి బరువుల తూకం ఉంది కానీ, సాగుకు ఇన్ని మొక్కలకు ఇంత శిక్ష అన్న మెట్లు లేవు. పత్తి సాళ్లలో పది మొక్కలు పెట్టినా, ఎకరం పెట్టినా అదే సెక్షన్. దీనికి తోడు, గంజాయి పండించేవాళ్లకు రైతుబంధు ఆపేస్తామని 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది విశాఖ ఏజెన్సీలో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అక్కడ మొక్క పెంచిన చేతులూ మనలాంటి ఆదివాసీలవే.

2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పట్టిక నుంచి తీసేసింది. 27 ఓట్లు అనుకూలం, 25 వ్యతిరేకం. మన దేశం అనుకూలంగానే వేసింది. మన చట్టంలో మాత్రం గీత కూడా మారలేదు.

మరుసటి వారం ఆ పిల్లవాడి తరగతిలోనే, మేము ముందు చెప్పింది తప్పని ఒప్పుకుని, బోర్డు మీద నాలుగు మాటలు రాశాం: ఆకు, పువ్వు, జిగురు, నూనె. ప్రతి మాట పక్కన బరువు, బరువు పక్కన ఏళ్లు. గోండిలోనే వివరించాం. వెనుక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "సార్, విత్తనం ఇచ్చిన సేఠ్‌కు ఎన్నేళ్లు?" అని అడిగింది. విత్తనం గంజాయి కాదని అంతకుముందే బోర్డు మీద రాసి ఉన్నాం. సాగు చేయమని పురిగొల్పినవాడికీ, కుట్రలో ఉన్నవాడికీ అదే శిక్ష అని చట్టంలో 29వ సెక్షన్ ఉందని చెప్పాం. మరి ఫొటోలో ఎందుకు ఉండడని అడిగింది.