ప్రేవుల వ్రణమునకు పూతమాత్ర

మన నర్సీపట్నమునకు దిగువను, వరాహనది యొడ్డున, ఏటికొప్పాక యున్నది. అంకుడు కఱ్ఱకు లక్కపూత పూసి అచ్చటి పనివారు చేయు బొమ్మలను మీరందఱు నెఱుగుదురు. ఆ లక్కకును, నేడు నేను చెప్పబోవు మందునకును కొంత చుట్టఱికము కలదు. లక్క పుల్లని ద్రవములో కరగదు, క్షారద్రవములో కరగును. ఈ గుణము నెఱిగియే ఔషధకారులు కొన్ని మాత్రలకు లక్కపూత పూసి, అవి కడుపులో కరగక ప్రేవులలో కరగునట్లు చేసిరి.

పెద్దప్రేవు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తమును జిగటయు విరేచనములో పడు వ్యాధి యొకటి కలదు. దీనికి అల్సరేటివ్ కొలైటిస్ అని పేరు. 1859లో లండను వైద్యుడు సామ్యూల్ విల్క్సు ఈ పేరు వాడెను. మన వైద్యులు చెప్పు రక్తాతిసార లక్షణములు కొన్ని దీనియందు కనబడును. రక్తము చూచినంతనే మూలశంక యని తలచి నెలలు గడుపువారు మన పల్లెలలో పెక్కుమంది. పలుదినములు రక్తము పడినచో, విశాఖపట్టణము వఱకు పోవలసివచ్చినను సరే, గొట్టముతో లోపల పరీక్ష చేయించుకొనుట మేలని నా యభిప్రాయము.

ఇక మందు కథ. స్వీడను దేశమున నన్నా స్వార్ట్సు అను వైద్యురాలు కీళ్లవాతమునకై సల్ఫా మందును సాలిసిలిక్ జాతి మందుతో జోడింపించెను. అదియే సల్ఫసలజీను. ప్రేవుల వ్రణముగల రోగులకు దానివలన మేలు కలుగుట గమనించి, 1942లో ఆమె తన యనుభవమును ప్రకటించెను. వాతమునకై వెదకిన మందు ప్రేవులకు దొరకినది! పెద్దప్రేవులోని సూక్ష్మజీవులు ఈ జోడును విడదీయును. అయితే తలనొప్పి, వికారము, దద్దురులు కొందఱిని బాధించెను. పైగా నీ మందు ఆహారములోని ఫోలిక్ ఆమ్లమును ఒంటబట్టనీయదు. కావున వైద్యులు ఫోలిక్ ఆమ్లమును గూడ తోడుగా నిత్తురు.

ఈ ఫోలిక్ ఆమ్లము మన కన్యము కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడపుచుండగా, 1945లో అచ్చటివారు దానిని కృత్రిమముగా తయారుచేసిరి. ఆయన సోదరులిద్దఱు కొద్దిదినముల యెడముతో స్ప్రూ అను ప్రేవుల వ్యాధిచే మరణించిరి. ఆ దుఃఖము ననుభవించినవాని కృషి, మఱియొక ప్రేవుల వ్యాధిగ్రస్తులకు నేటికిని తోడుపడుచున్నది.

సల్ఫసలజీనులోని రెండు భాగములలో పనిచేయున దేది? 1977లో ఆక్సుఫర్డున, బంగ్లాదేశీయుడగు ఆజాద్ ఖాన్, పిరిస్, ట్రూలవ్ అను వైద్యులు ఆ మందును, దాని రెండు భాగములను వేర్వేఱుగ రోగులకు వస్తిరూపమున నిచ్చి చూచిరి. సాలిసిలిక్ జాతి భాగమే వాపును తగ్గించుచున్నదని తేలెను. పెక్కు బాధలు కలిగించునది సల్ఫా భాగము. అది వట్టి బండి; సరకు వేఱు.

బండి తీసివేయుద మన్నచో మఱియొక చిక్కు. సరకును వట్టిగా మ్రింగినచో చిన్నప్రేవు మొదటనే రక్తములో కలిసిపోవును. పుండు దాక చేరదు. అప్పుడు పాత లక్క యుపాయమే వేఱు వేషముతో వచ్చినది. 1982లో కార్డిఫ్ నగర వైద్యులు, ఆమ్లము తగ్గినచోట మాత్రమే కరగు ఆక్రిలిక్ పూత పూసిన మాత్రను పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. తగ్గిన వ్యాధి తిరుగబెట్టకుండుటలో అది పాతమందునకు తీసిపోలేదు. ఈ మందునే మెసలమీను, మెసలజీను అని పిలుతురు. వ్యాధి మిక్కిలి తీవ్రమైనపుడు ఇది చాలదు; అట్టివారికి కార్టిసోను జాతి మందులు వలయును.

మన యిండ్లలో మాత్ర మ్రింగలేని ముసలివారికి దానిని నూరి తేనెలో కలిపి యిచ్చు వాడుక కలదు. ఈ మాత్రను నూరినచో పూత పోవును. పూత పోయినచో మందు దారిలోనే చెదరిపోవును. రక్తము నిలిచినంతనే మానుటయు కూడదు. అప్పుడప్పుడు మూత్రపిండముల పరీక్షయు చేయించుకొనవలెను. ఒక్కొక్కరికి మాత్ర డొల్ల విరేచనములో కనబడును. మందు విడిపోయి వట్టి డొల్ల వచ్చుటయు కలదు. మాటిమాటికి కనబడినచో వైద్యునికి చెప్పవలెను. వేఱు పూతమాత్రలును, వస్తి మందులును కలవు.