మైకు హారన్‌కు ఆ మూతి ఎందుకు?

శివరాత్రి నాడు పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట కిందికి పోయినా, కురవి వీరభద్రుడి జాతరకు పోయినా, కాళేశ్వరంలో గోదావరి ఒడ్డుకు పోయినా మైకు హారన్ కంటబడుతుంది. కట్టెకు తాడుతో కట్టి, మూతి జనం వైపు తిప్పి ఉంటుంది. స్వామివారి కల్యాణం వేళలూ, తప్పిపోయిన పిల్లల పేర్లూ దాంట్లోంచే వినాలి. నల్లటి డీజే బాక్సులు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి గానీ, చూడ్డానికి నాకు మాత్రం ఆ పాత హారనే అందం. బాక్సు లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు. హారన్‌ను చూస్తే శబ్దం ఎక్కడ పుట్టి ఎటు పోతోందో పసిపిల్లలు కూడా చెబుతారు.

ఆ ఆకారం ఎవరో ముచ్చటపడి గీసింది కాదు. పలచటి పొర ఎంత అదిరినా, అది చిన్నదైతే చుట్టూ ఉన్న గాలిని పెద్దగా కదిలించలేదు. పొర ముందు సన్నటి గొట్టం పెట్టి, దాన్ని మెల్లమెల్లగా వెడల్పు చేస్తూ పోతే ఆ అదురు అంచెలంచెలుగా గాలికి అందుతుంది. కొమ్ము బూర ఊదేవాళ్లకు ఈ సంగతి శాస్త్రం చెప్పకముందే తెలుసు. మేడారంలో చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తెచ్చేటప్పుడు కోయల డోళ్ల మోతను దాటుకుని కొమ్ము వినబడేది ఆ విచ్చుకున్న మూతి వల్లనే.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్, 1887లో బెర్లినర్ గ్రామఫోన్ పుట్టినప్పుడు వాటికి కరెంటు లేదు, యాంప్లిఫయర్ లేదు. ముల్లు కదిలితే చిన్న బిళ్ల అదురుతుంది, ఆ చప్పుడును గదంతా వినిపించే పని కొమ్ముదే. పాట పట్టడానికీ కొమ్మే. 1902లో రికార్డింగ్ నిపుణుడు గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు ఆమె పాడింది ఇలాంటి కొమ్ము మూతిలోకే.

అంత పెద్ద వస్తువు ఇంటి ముందుగదిలో కూర్చుంటే కంటికి ఇంపుగా లేకపోతే ఎవరు కొంటారు? అందుకే కంపెనీలు దాన్ని ముస్తాబు చేశాయి. రేకును రెక్కలుగా కత్తిరించి, అంచులు మడిచి కలిపి, రంగులు వేసి ఉమ్మెత్త పువ్వులా విరియజేశాయి. అందం కోసమని మనం అనుకునే ఆ మడతలు పలచటి రేకుకు బిగువు కూడా ఇస్తాయి. ఈ కిటుకు జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టే విశ్వకర్మలకు ఎవరూ నేర్పనక్కరలేదు. రేకు సుత్తి దెబ్బలకు గట్టిపడుతుంది, మంటలో కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఉబ్బెత్తుగా లేపిన ప్రతి లత, ప్రతి గీత ఆ రేకును వంగకుండా నిలబెడుతుంది. కాకతీయుల కాలం నుంచి రథాలకూ గుడి తలుపులకూ తొడుగులు చేసిన పనితనమది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

అయితే కొమ్ము అందరికీ నచ్చలేదు. దుమ్ము పట్టేది, నడిచేవాళ్ల భుజానికి తగిలేది. 1906లో అమెరికాలో విక్టర్ కంపెనీ విక్ట్రోలా పేరుతో కొమ్మును చెక్క బీరువాలోకి మడిచి పెట్టేసింది. చప్పుడు తగ్గించాలంటే బీరువా తలుపులు మూయడమే! శబ్దయంత్రాన్ని చూపించాలా, దాచాలా అన్న తగువు అప్పుడే మొదలైంది. 1956లో జర్మనీలో బ్రౌన్ కంపెనీకి డిజైనర్లు గుగెలో, డీటర్ రామ్స్ చేసిన రికార్డు ప్లేయర్‌కు అద్దంలాంటి ప్లాస్టిక్ మూత పెట్టి, చక్రాన్నీ మీటల్నీ కనబడనిచ్చారు. చూసినవాళ్లు దాన్ని స్నో వైట్ శవపేటిక అని ఎగతాళి చేశారు. తర్వాత ఎన్నో ఏళ్లు చాలా రికార్డు ప్లేయర్లు అలాంటి మూతతోనే వచ్చాయి.

కొమ్ముకూ హెడ్‌ఫోన్‌కూ ఉన్న చుట్టరికం చాలామంది గమనించరు. కాలిఫోర్నియాలో జెన్సన్, ప్రిడమ్ అనే ఇద్దరు టెలిఫోన్‌కు మంచి చెవిగొట్టం చేద్దామని మొదలుపెట్టారు. దానికి గ్రామఫోన్ కొమ్ము తగిలించి చూస్తే లౌడ్‌స్పీకర్ అయి కూర్చుంది. 1915 క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో నగర భవనం ఎదుట వేలాది జనానికి దాంతో వినిపించారు. మన జాతరల్లోని హారన్ దాని వంశమే, కాకపోతే గొట్టం లోపలే మడత పడింది. వెనక బిగించిన యూనిట్ నుంచి చప్పుడు నడిమి గొట్టంలో ముందుకు వచ్చి, లోపలి గిన్నెకు తగిలి వెనక్కి తిరిగి, మళ్లీ పెద్ద మూతిలోంచి బయటపడుతుంది. మూరెడు డబ్బాలో మూడు మూరల దారి.

అంతకు ముందే, 1910లో, యూటాకు చెందిన నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో చేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళానికి పంపాడు. తలకు ఒత్తుకోకుండా చూడమని వాళ్లంటే, తోలు తొడిగిన రెండు తీగ కమ్మీలు పెట్టి, చెవిబిళ్ల పైకీ కిందికీ జరిగేలా చేశాడు. ఇవాళ వేల రూపాయలు పోసి కొనే హెడ్‌ఫోన్ పక్క నుంచి చూడండి, ఆ కమ్మీ పోలిక దొరుకుతుంది.

తర్వాతి కథలో రంగుదే పెత్తనం. 1968లో జెన్‌హైజర్ కంపెనీ చెవిని మూసేయకుండా గాలాడే హెచ్‌డీ 414 హెడ్‌ఫోన్ తెచ్చింది. దాని పసుపు స్పంజు దూరం నుంచే గుర్తుపట్టించేది. 1979లో వాక్‌మన్‌తో నారింజ స్పంజు వీధిలోకి వచ్చింది. 2001లో ఐపాడ్ తెల్ల తీగ వచ్చేసరికి, జేబులో ఏముందో తీగే చెప్పడం మొదలైంది. వింటున్నవాడికి తన హెడ్‌ఫోన్ కనబడదు, ఎదుటివాడికే కనబడుతుంది. కొమ్మును అలంకరించిన కంపెనీలు కనిపెట్టింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు మన అంగళ్లలో దొరికే బ్లూటూత్ స్పీకర్లు చూస్తే జాలేస్తుంది. అన్నిటికీ అవే చిల్లులు, అదే నల్ల ప్లాస్టిక్. హెడ్‌ఫోన్‌గా తల మీద మోయడానికి ఇత్తడి బరువే గానీ, స్పీకర్ ముందు జాలీకి ఏం తక్కువ? వదులుగా ఉండి గలగలమనకుండా బిగిస్తే చాలు. హైదరాబాద్‌లో స్పీకర్లు తయారుచేసే కుర్రాళ్లెవరైనా ఉంటే, వరంగల్ దారిలోనే ఉన్న పెంబర్తిలో ఒక్కసారి ఆగి ఒక జాలీ కొట్టించి చూడండి.