బాగుచేసే చెయ్యి ఎవరిది?
తుపాకీ చరిత్ర మన యువతకు చెప్పే పాఠం

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి మనం కొమురం భీంను తలుచుకుంటాం. మే 7న అల్లూరి సీతారామరాజుకు, జూన్ వచ్చిందంటే గాం గంటందొరకు జోహార్లు చెప్పుకుంటాం. ఫ్లెక్సీల మీద, క్యాలెండర్ల మీద మన వీరుల చేతిలో విల్లు ఉంటుంది, లేదా తుపాకీ ఉంటుంది. పూలదండ వేసి, ఫొటో దిగి ఇంటికి వచ్చేస్తాం. ఆ తుపాకీ ఎక్కడిది? చెడిపోతే ఎవరు బాగుచేసేవారు? తూటాలు అయిపోతే ఏం చేసేవారు? ఈ ప్రశ్నలు మన సభల్లో ఎవరూ అడగరు. వీరుల ధైర్యం గురించి ఎంత చెప్పుకున్నా, ఈ ప్రశ్నలకు జవాబు తెలియకపోతే వాళ్ల పోరాటం ఎందుకు అంత కష్టమైందో మనకు అర్థం కాదు.

మనలో చాలామందిమి సీతాఫల్‌మండి, వారాసిగూడ, చిలకలగూడ, లాలాగూడ చుట్టుపక్కల గదుల్లో ఉంటూ చదువుకుంటున్నాం, పనులు చేసుకుంటున్నాం. అందుకే ఈ కథను మన్యం నుంచి కాకుండా, మనం రోజూ తిరిగే ఈ సికింద్రాబాద్ నుంచే మొదలుపెడదాం.

ఈ ఊరు ఎలా పుట్టింది?

అబిడ్స్ వైపు వెళ్లినప్పుడు గన్‌ఫౌండ్రీ అనే బస్టాపు మీరు చూసే ఉంటారు. అది ఉత్త పేరు కాదు. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో అక్కడ ఫిరంగులు పోతపోసే కర్మాగారం పెట్టించాడు. పాతవాళ్లు దాన్ని ‘తోప్ కా సాంచా’ అనేవారు. అంటే ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యం తన ఆయుధాలు తానే చేసుకునే దారిలో ఉంది. కానీ ఆ సైన్యాన్ని నడిపించింది పరాయి అధికారులు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో సుమారు 14 వేల మంది ఉన్న ఆ ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. ఇంగ్లీషు సైన్యం వచ్చి కూర్చుంది. 1806లో ఆ దండు ఉన్న చోటికి సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్.

తర్వాత ఇంగ్లీషు అధికారుల కింద ‘హైదరాబాద్ కంటింజెంట్’ అనే సైన్యం తయారైంది. దాని ప్రధాన స్థావరం ఇక్కడికి దగ్గరలోని బొల్లారం. దాని ఖర్చు మాత్రం నిజాందే. ఆ బాకీ కింద 1853లో బేరార్ ప్రాంతాన్నే ఇంగ్లీషువాళ్లకు అప్పగించాల్సి వచ్చింది. ఆయుధ విద్యను పరాయి చేతిలో పెడితే ఒక రాజ్యానికే ఇంత ఖరీదు పడింది.

కొండల్లోకి వెళ్లిన దండు

ఇప్పుడు బొల్లారం నుంచి గోదావరి ఒడ్డు కొండలకు వెళ్దాం. 1878లో ఇంగ్లీషు ప్రభుత్వం ఆయుధ చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకీ పెట్టుకోకూడదు. తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు. మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప ప్రాంతంలో తిరుగుబాటు లేచింది. కల్లు గీసుకునే హక్కు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు, ముఠాదారుల మీద దౌర్జన్యం దానికి కారణాలు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మందొర లాంటివాళ్లు ముందు నడిచారు. ఆ మంట గొలుగొండ, రేకపల్లి దాకా పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు పదాతి దళాలతో పాటు హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఆశ్వికులను, పదాతులను కూడా పంపించారు. మనం ఈరోజు చదువుకుంటున్న ఈ ఊరి పక్క నుంచే మన తాతల మీదికి దండు వెళ్లిందన్న మాట.

మన ఊరి కొలిమి

మరి మనవాళ్ల దగ్గర ఏముంది? విల్లు, బాణం, గొడ్డలి, అక్కడక్కడా నాటు తుపాకీ. తెలంగాణ వైపు దాన్నే భర్మార్ అంటారు. మందు, గుండు గొట్టం మూతి నుంచి దట్టించే పాతకాలపు తుపాకీ అది. ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి చాలాసేపు పడుతుంది. వానలో మందు తడిస్తే పనికిరాదు. తూటా వేసే తుపాకీ ముందు అది ఏపాటిది?

అయినా దానికి ఒక గొప్ప గుణం ఉంది. దాని పేరులోనే ఉంది ఆ గుణం, ‘నాటు’. అంటే మన నేల మీద, మన మనిషి చేసింది. ఇనుప గొట్టం, చెక్క పిడి, నిప్పు అంటించే చిన్న ఏర్పాటు, అంతే. ఇనుము, చెక్క తెలిసిన మనిషికి అది అంతుపట్టని యంత్రం కాదు.

అలాంటి మనుషులు మన సమాజంలో ఎప్పుడూ ఉన్నారు. ఆంధ్ర మన్యంలో కమ్మర తెగ ఉంది. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న తెగ అది. కర్రు సాగదీయడం, గొడ్డలికి పదును పెట్టడం, బాణానికి ములికి చేయడం వాళ్ల కులవృత్తి. ఆదిలాబాద్ గోండు గూడేలకు ఓజాలు ఇత్తడి పోత పోసేవారు. ఉషేగాం, కేస్లగూడ ఓజాల పనితనానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వీరుల పేర్లు మనకు తెలుసు. వాళ్ల ఇనుముకు పదును పెట్టిన ఈ చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

26 తుపాకులు, అయిపోయిన తూటాలు

1922కు వద్దాం. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద పడిన ఆంక్షలు, నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనిలో కూలీ సరిగా ఇవ్వకుండా గొడ్డుచాకిరీ చేయించుకోవడం మన్యాన్ని రగిలించాయి. సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర నాయకత్వంలో ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేతికి వచ్చాయి. ఏమేం తీసుకెళ్తున్నామో స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం చేసి మరీ వెళ్లారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. తూటా తుపాకీ మనవాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో ప్రభుత్వానికి అర్థమైంది. వాళ్లు తేలికైన ఉపాయం పట్టారు. స్టేషన్లలో ఆయుధాలు ఉంచడం మానేశారు. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషన్ మీద పడినప్పుడు తుపాకులూ లేవు, తూటాలూ లేవు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. నాటు తుపాకీ అయితే ఊరి కొలిమి దగ్గర కాలం గడుపుకోవచ్చు. పోలీసు తుపాకీ గొప్పదే, కానీ దాని తూటా పుట్టేది సర్కారు ఫ్యాక్టరీలో. అందులో ఒక చిన్న భాగం విరిగితే కొత్తది అడవిలో దొరకదు. 2,500 తూటాలు అంటే వినడానికి చాలా అనిపిస్తుంది. 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి వంద కూడా రావు. అవతల మలబారు స్పెషల్ పోలీసు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. వాళ్ల సరఫరాకు అంతు లేదు. 1924 మే 7న సీతారామరాజును, ఒక నెల తర్వాత గంటందొరను చంపేశారు. ధైర్యం తక్కువై కాదు ఓడింది. గెలుచుకున్న ఆయుధాన్ని నిలబెట్టుకునే వనరు శత్రువు గుప్పిట్లో ఉంది.

సముద్రం అవతల కూడా ఇదే కథ

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో ఇంగ్లీషువాళ్లు స్థిరపడిన తొలి రోజుల్లో అక్కడి ఆదివాసులు వేటకు తుపాకులు కొనుక్కున్నారు. చెడిపోతే తెల్లవాళ్ల కమ్మరి దగ్గరకే వెళ్లాలి. కొన్ని వలస ప్రాంతాలు వాళ్ల తుపాకులు బాగుచేయకూడదని చట్టాలు కూడా చేశాయి. అప్పుడు ఆదివాసులు తామే నేర్చుకున్నారు. నారగాన్‌సెట్ తెగలో ఇంగ్లీషువాళ్లు ‘స్టోన్‌వాల్ జాన్’ అని పిలిచిన ఒక మనిషి ఉండేవాడు. రాతిపని, కమ్మరం రెండూ తెలిసినవాడు. 1675లో యుద్ధం వచ్చినప్పుడు ఆ తెగ కోటలో కొలిమి ఉంది, తుపాకులు బాగుచేసే చెయ్యి ఉంది. అందుకే వాళ్లు ఇంగ్లీషువాళ్లను అంతగా భయపెట్టగలిగారు. కానీ తుపాకీ మందు మాత్రం బయటి నుంచే రావాలి. అది తగ్గేకొద్దీ వాళ్ల బలమూ తగ్గింది.

మరమ్మతు నేర్చుకున్నంత వరకు వాళ్లది వాళ్ల చేతిలోనే ఉంది. నేర్చుకోనిది, అందనిది వాళ్లను ఓడించింది. రంపలోనూ జరిగింది ఇదే.

సైన్యం కూడా నేర్చుకున్న పాఠం

మన పక్కనే తిరుమలగిరి వైపు ఈఎంఈ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు, లారీలు, తుపాకులు కుప్పలుగా చెడిపోతుంటే, బాగుచేయడమే పనిగా ఒక విభాగం కావాలని సైన్యానికి తెలిసివచ్చింది. 1943 అక్టోబరు 15న ఆ విభాగం పుట్టింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఇంకా పాతది, 1893 నాటిది. రైలు ఎంత గొప్పదైనా బాగుచేసే షెడ్డు లేకపోతే నడవదని నిజాం రైల్వేకు ముందే తెలుసు. ఏ పెద్ద వ్యవస్థ అయినా తన మరమ్మతును తన చేతిలోనే ఉంచుకుంటుంది.

ఈరోజు మనం చేయకూడనిది

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ చరిత్ర చదివి ఎవరూ నాటు తుపాకీ ముట్టుకోవద్దు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, బాగుచేయడం కూడా నేరమే. ఏళ్ల తరబడి జైలు పడుతుంది. కర్ణాటకలో కొడవలకు లైసెన్సు విషయంలో మినహాయింపు ఉంది. మనకు అలాంటిది లేదు. పైగా పాత గొట్టం పగిలితే ముందు పోయేది పట్టుకున్నవాడి చెయ్యి, కన్ను. అటక మీద తాతల నాటిది ఏదైనా ఉంటే ఊరి పెద్దలతో కలిసి వెళ్లి స్టేషన్‌లో అప్పగించడమే మర్యాద. ఆయుధాల పని మీద నిజంగా ఇష్టం ఉంటే సైన్యంలో, మెదక్ ఆయుధ కర్మాగారం లాంటి చోట్ల చట్టబద్ధమైన దారి ఉంది. ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్‌తో ఆ దారి మొదలవుతుంది.

మరి మన ఆయుధం ఏది?

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత, గోండుల కష్టాలకు కారణం తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపించింది. ఆయన చూసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. గోండులు భూమిని పోగొట్టుకున్నది కాగితం దగ్గర. పట్వారీ ఏం రాశాడో చదవలేరు, తప్పు రాస్తే దిద్దించలేరు. అందుకే 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే శిక్షణ మొదలైంది. సైన్యం తన మరమ్మతు విభాగాన్ని పెట్టుకున్న ఏడాదే, మన గూడెం తన అక్షరాన్ని తానే బాగుచేసుకోవడం మొదలుపెట్టింది. బయటి మాస్టారు కాదు, మన పిల్లవాడే మన పిల్లలకు పంతులయ్యాడు.

ఈరోజు మన ఆయుధాలు వేరే. 1/70 చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అవి కూడా మన పెద్దలు పోరాడి గెలుచుకున్న తుపాకుల లాంటివే. కానీ పోడు పట్టాలో సర్వే నంబరు తప్పు పడితే, పాసుబుక్కులో పేరు మారితే ఎవరి దగ్గరకు పరిగెడుతున్నాం? మీసేవ దగ్గర ఒక దళారి, మండల ఆఫీసు దగ్గర ఇంకో దళారి. హక్కు మనదే, దాన్ని బాగుచేసే చెయ్యి మాత్రం వేరొకరిది. ఊళ్లో బోరు మోటారు కాలితే పట్నం నుంచి మెకానిక్ రావాలి. అప్పటిదాకా చేను ఎండుతుంది.

అందుకే మన సంఘం తరఫున మీకు ఒకటే మాట. ఇక్కడ సీతాఫల్‌మండిలో గది తీసుకుని డిగ్రీ చదివే ప్రతి ఒక్కరూ, డిగ్రీతో పాటు బాగుచేసే విద్య ఒకటి ఊరికి తీసుకెళ్లండి. ఒకరు మోటారు వైండింగ్ నేర్చుకోండి. ఒకరు భూమి రికార్డులు చదవడం, అర్జీ రాయడం, అప్పీలు వేయడం నేర్చుకోండి. ఒకరు లాలాగూడలోనో ఇంకెక్కడో అప్రెంటిస్‌గా చేరండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు కనీసం ఇద్దరికి నేర్పండి. ఒక్కరికే తెలిసిన విద్య ఆ ఒక్కరితోనే పోతుంది.

వచ్చే ఏడాది మళ్లీ కలిసినప్పుడు, మీ ఊళ్లో ఏది మీ చేత్తో బాగుపడిందో చెప్పండి. అమరులకు వేసే దండ కన్నా అది పెద్ద జోహారు.