ఇంట్లోనే కారు ఫుల్ డీటెయిలింగ్.. అసలు ఎన్ని గంటలు పడుతుంది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం కార్ ఓనర్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇదే!

ఆదివారం వచ్చిందంటే చాలు.. బకెట్, పాత గుడ్డ పట్టుకుని కారు ముందు వాలిపోయేవాళ్లు మన వీధుల్లో చాలామందే కనిపిస్తారు. అరగంటలో పని అయిపోతుందనుకుంటారు. కడగడం వరకైతే ఓకే. కానీ డీటెయిలింగ్ అంటే వేరే లెక్క. లోపలి సీట్ల నుంచి బయటి పెయింట్ వరకు, చక్రాల నుంచి అద్దాల వరకు ప్రతి భాగాన్నీ విడివిడిగా శుభ్రం చేసి, పెయింట్‌కు రక్షణ పొర వేయడమే ఫుల్ డీటెయిలింగ్.

మరి దీనికి ఇంట్లో ఎంత టైమ్ పడుతుంది? సూటిగా చెప్పాలంటే.. చిన్న హ్యాచ్‌బ్యాక్ కారుకు ఒక్కరే చేస్తే దాదాపు 7 గంటలు. ఎస్‌యూవీ అయితే 9 గంటల దాకా. సీట్లు ఆరే టైమ్ దీనికి అదనం. అందుకే ఒకేరోజు కూర్చుని పూర్తి చేయాలనుకుంటే నడుము పట్టేయడం ఖాయం. శనివారం సాయంత్రంలోపు లోపలి పని, ఆదివారం పొద్దున బయటి పని పెట్టుకుంటే హాయిగా అయిపోతుంది.

ఏ పనికి ఎంత టైమ్? ఎన్ని నీళ్లు కావాలి? ఎక్కడ తప్పు చేస్తే పెయింట్ పోతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

మన ఊళ్లలో కారుకు అసలు శత్రువు ఎవరు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం.. మూడు చోట్లా కామన్‌గా ఉండేది ఎర్రమట్టి దుమ్ము. ఈ మట్టి గ్రానైట్ లాంటి రాళ్లు అరిగి ఏర్పడింది. అందులో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. క్వార్ట్జ్ అంటే గాజును కూడా గీయగలిగేంత గట్టి ఖనిజం. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్ల దుమ్ము దీనికి తోడవుతుంది. మదనపల్లెలో టమాటా సీజన్ వస్తే మార్కెట్ దారుల్లో లారీల రద్దీ, దానితో లేచే దుమ్ము ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే చాలామంది చేసే పెద్ద తప్పు ఒకటుంది. పొద్దున్నే పొడి గుడ్డతో కారును తుడిచేయడం. చలికాలంలో మంచు పడినప్పుడు ఆ తడి మీదే గుడ్డ తిప్పేయడం. చూడ్డానికి కారు మెరుస్తుంది. కానీ ఆ గుడ్డ కింద నలిగే ప్రతి ఇసుక రేణువూ పెయింట్ మీద ఓ సన్నని గీత గీస్తుంది. డౌట్ ఉంటే రాత్రిపూట మొబైల్ టార్చ్ వేసి బోనెట్ మీద చూడండి. సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తే అవి ఎక్కువగా రోజువారీ తుడుపుడు వల్ల వచ్చినవే.

కారు పెయింట్ మీద కనిపించే మెరుపంతా పైనున్న క్లియర్ కోట్‌ది. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లే. అంటే మన తల వెంట్రుక కంటే పలుచన! ఒకసారి అరిగిపోతే మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. డీటెయిలింగ్‌లో తొందర పనికిరాదనేది అందుకే.

మొదటి రోజు: లోపలి పని.. 2 గంటల 30 నిమిషాలు

- సామాన్లు, మ్యాట్లు బయటకు తీయడం: 15 నిమిషాలు. డిక్కీ, సీటు వెనక జేబులు, డోర్ పాకెట్లు కూడా ఖాళీ చేయాలి. బండి కాగితాలు, నాణేలు ముందే పక్కన పెట్టేయండి.
- వ్యాక్యూమ్ క్లీనింగ్: 35 నిమిషాలు. సీట్లను ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి జరిపి పట్టాలి. సీటు రైలు గాడిలో చిక్కుకున్న మట్టిని పాత టూత్ బ్రష్‌తో కదిలిస్తే తొందరగా వస్తుంది.
- డ్యాష్‌బోర్డు, డోర్ ప్యాడ్లు, ఏసీ వెంట్లు: 40 నిమిషాలు. ఏసీ వెంట్లకు మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. లిక్విడ్‌ను నేరుగా బటన్ల మీద, స్క్రీన్ మీద స్ప్రే చేయకూడదు. గుడ్డ మీద కొట్టి తుడవాలి.
- ఫ్యాబ్రిక్ సీట్లకు షాంపూ: 50 నిమిషాలు. నురగతోనే రుద్ది, తడి గుడ్డతో తీసేయాలి. మగ్గుతో నీళ్లు పోయొద్దు. ముందు సీట్ల కింద వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి, వాటికి తడి తగిలితే ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైట్ వెలిగే ప్రమాదం ఉంది.
- లోపలి వైపు అద్దాలు: 10 నిమిషాలు.

సీట్లు ఆరడానికి ఎండాకాలంలో 3, 4 గంటలు సరిపోతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. తడి ఉండగానే అద్దాలు ఎక్కించేస్తే రెండు రోజుల్లో ముక్కవాసన మొదలవుతుంది. ఆ తర్వాత ఎన్ని పెర్ఫ్యూమ్‌లు పెట్టినా పోదు. అందుకే సీట్ల పని మధ్యాహ్నం 12 లోపు ముగించి, నాలుగు డోర్లూ తెరిచి ఉంచితే సాయంత్రానికి ఆరిపోతాయి. రెక్సిన్, లెదర్ సీట్లకు ఈ బాధ లేదు. తడి గుడ్డతో తుడిస్తే 20 నిమిషాల్లో అయిపోతుంది.

రెండో రోజు: బయటి పని.. 4 గంటల 30 నిమిషాలు

పొద్దున 6 గంటలకు మొదలుపెట్టడం బెస్ట్. ఎండ పడి బోనెట్ వేడెక్కితే షాంపూ, నీళ్లు మరకలుగా ఎండిపోతాయి. చేయి పెట్టి చూడండి.. చల్లగా ఉంటేనే పని మొదలుపెట్టండి.

- చక్రాలు, టైర్లు: 30 నిమిషాలు. ఎప్పుడూ ముందు ఇవే కడగాలి. బాడీ కడిగాక వీటిని ముట్టుకుంటే బురద మళ్లీ పైకి చిందుతుంది. వీటికి వాడిన బ్రష్, గుడ్డ బాడీకి వాడొద్దు.
- నీళ్లు కొట్టి దుమ్ము వదిలించడం: 10 నిమిషాలు. గుడ్డ తగలకుండా వదిలినంత మట్టి వదలాలి. పై నుంచి కిందికి కొట్టాలి.
- రెండు బకెట్ల పద్ధతిలో షాంపూ వాష్: 30 నిమిషాలు. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, ఇంకో బకెట్‌లో మామూలు నీళ్లు. ఒక ప్యానెల్ రుద్దగానే వాష్ మిట్‌ను మామూలు నీళ్లలో ముంచి మట్టి వదిలించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి.
- తుడిచి ఆరబెట్టడం: 20 నిమిషాలు. మందపాటి మైక్రోఫైబర్ టవల్‌ను అద్దినట్టు వాడాలి. గట్టిగా రుద్దొద్దు.
- క్లే బార్: 45 నిమిషాలు. చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద నిమరండి. గరుగ్గా తగిలితే క్లే అవసరం, నున్నగా ఉంటే ఈ స్టెప్ వదిలేయొచ్చు. క్లే కింద పడిందంటే మాత్రం పారేయాల్సిందే. దానికి అంటిన మట్టి కారును గీకేస్తుంది.
- చేతితో పాలిష్: 75 నిమిషాలు. నీడలోనే చేయాలి.
- వ్యాక్స్ లేదా సీలెంట్: 40 నిమిషాలు. పల్చగా రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి తుడవాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ మెరుపు రాదు, తుడవడానికి ఎక్కువ టైమ్ పడుతుంది అంతే.
- బయటి అద్దాలు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, టైర్ డ్రెస్సింగ్: 20 నిమిషాలు.

టైమ్ ఎక్కడ తగ్గించుకోవచ్చు?

సన్న గీతలు పెద్దగా లేకపోతే పాలిష్ ఆపేయండి. మొత్తం 7 గంటల్లోంచి 75 నిమిషాలు మిగులుతాయి. పాలిష్ అంటేనే క్లియర్ కోట్‌ను కొద్దిగా అరగదీయడం. ప్రతి పండక్కీ చేయాల్సిన పని కాదు. ఇంకొకరు తోడుంటే మొత్తం పని 4 నుంచి 5 గంటల్లో ముగుస్తుంది. ఒకరు రుద్దుతుంటే మరొకరు తుడిచేయడమే ఇక్కడ కిటుకు.

మెషీన్ పాలిషింగ్ చేస్తే మాత్రం టైమ్ పెరుగుతుంది. చేతితో 75 నిమిషాల పని మెషీన్‌తో 3 నుంచి 5 గంటలు పట్టొచ్చు. ఎందుకంటే ఒక్కో ప్యానెల్‌ను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని నాలుగైదు సార్లు తిప్పాలి. కొత్తవాళ్లు డ్యూయల్ యాక్షన్ మెషీన్ వాడితే రిస్క్ తక్కువ. రోటరీ మెషీన్‌ను ఒకేచోట ఆపితే సెకన్లలోనే పెయింట్ మాడిపోవచ్చు. గోరుతో గీసి చూసినప్పుడు గోరు ఆగిపోయేంత లోతైన గీత ఉంటే ఏ పాలిషూ పనిచేయదు. అది పెయింటర్ చూడాల్సిన పని.

అసలు సమస్య నీళ్లదే!

మన దగ్గర కారు కడగడం అంటే నీళ్ల గురించి ఆలోచించాల్సిందే. ట్యాంకర్ కోసం ఎదురుచూసిన రోజులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. హంద్రీ నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు కుప్పం దాకా చేరింది 2025 ఆగస్టులోనే. పక్కనున్న బెంగళూరులో 2024 మార్చిలో కరువు ముదిరినప్పుడు, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల ఫైన్ అని అక్కడి జల మండలి ప్రకటించింది కూడా.

ఇప్పుడు లెక్క చూడండి. హోస్ పైపు నుంచి నిమిషానికి 15 లీటర్లు వస్తాయనుకుంటే, అరగంట వదిలేస్తే 450 లీటర్లు కాలువపాలే. అదే బకెట్లతో చేస్తే.. ముందు దుమ్ము వదిలించడానికి 2, వాష్‌కు 2, చివర కడగడానికి 3. మొత్తం 7 బకెట్లు. 15 లీటర్ల బకెట్ అయితే సుమారు 105 లీటర్లతో పని పూర్తి! హ్యాండ్ పంప్ స్ప్రేయర్ ఉంటే ఇంకా తగ్గుతుంది. అయితే పొలంలో మందు కొట్టిన స్ప్రేయర్ మాత్రం వాడొద్దు. ఆ మందు చేతులకు, సీట్లకు అంటుకుంటుంది.

రెండో సమస్య బోరు నీళ్ల ఉప్పదనం. ఇంట్లో కుళాయిలకు, గీజర్‌కు తెల్లగా పట్టేదే కారు మీదా పడుతుంది. నీటి చుక్క ఆరిపోయాక కాల్షియం, మెగ్నీషియం లవణాలు గుండ్రటి మచ్చలుగా మిగులుతాయి. ఎండలో వదిలేస్తే పెయింట్‌లోకి, అద్దంలోకి దిగిపోతాయి. పరిష్కారం సింపుల్. చివరి కడుగుడుకు ఒక 20 లీటర్ల ఫిల్టర్ వాటర్ క్యాన్ లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు వాడండి. వెంటనే తుడిచేయండి. ఇప్పటికే మచ్చలు పడి ఉంటే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి మెత్తటి గుడ్డతో అద్ది, నిమిషం తర్వాత మంచి నీళ్లతో కడిగేస్తే చాలావరకు పోతాయి.

ఈ పొరపాట్లు అస్సలు చేయకండి

- డీజిల్, కిరోసిన్‌తో తుడవడం: అప్పటికి మెరుస్తుంది. తర్వాత దుమ్మంతా అతుక్కుంటుంది, రబ్బరు బీడింగులు పాడవుతాయి. నిప్పు ప్రమాదం సరేసరి.
- గిన్నెల సబ్బు, బట్టల పౌడర్: వ్యాక్స్ పొరను లేపేస్తాయి.
- అల్లాయ్ వీల్స్‌కు బాత్రూమ్ యాసిడ్: ఒక్కసారికే కోటింగ్ పోతుంది.
- స్టీరింగ్, పెడల్స్‌కు పాలిష్: చేయి, కాలు జారతాయి. ఇది ప్రాణాల మీదకు తెచ్చే తప్పు. టైర్ డ్రెస్సింగ్ కూడా పక్క గోడలకే రాయాలి. రోడ్డును తాకే భాగానికి, బ్రేక్ డిస్కులకు తగలనివ్వొద్దు.
- ఇంజిన్ మీద పైపుతో నీళ్లు కొట్టడం: వైరింగ్, సెన్సర్లు దెబ్బతింటాయి. చల్లారాక తడి గుడ్డతో తుడిస్తే చాలు.

మరో విషయం. నీడ కోసం చింత చెట్టు, మామిడి చెట్టు కింద పార్క్ చేస్తున్నారా? జిగురు, పక్షుల రెట్టలు ఎండలో పెయింట్‌ను తినేస్తాయి. కనిపించిన రోజే తడి గుడ్డతో నానబెట్టి తీసేయండి. ఆయుధపూజ రోజు పెట్టిన పసుపు, కుంకుమ కూడా అంతే. తెల్ల కార్ల మీద, ప్లాస్టిక్ మీద వారం రోజులు ఉంచితే ఆ రంగు వదలదు. పూజ అయిన మర్నాడే కడిగేయడం మేలు.

మళ్లీ ఎప్పుడు చేయాలి?

ఫుల్ డీటెయిలింగ్ ఏడాదికి ఒకటి, రెండుసార్లు చాలు. వ్యాక్స్‌ను రెండు, మూడు నెలలకోసారి వేసుకోవాలి. నీళ్లు పోసినప్పుడు చుక్కలు గుండ్రంగా నిలబడి జారిపోతుంటే వ్యాక్స్ ఉన్నట్టే, పరుచుకుపోతుంటే టైమ్ అయిపోయినట్టే. మధ్యలో 90 నిమిషాల బకెట్ వాష్ సరిపోతుంది.

అన్నీ అయ్యాక ఒక్క పని మర్చిపోవద్దు. కారు తీసి వీధిలో నెమ్మదిగా నడుపుతూ రెండు మూడు సార్లు బ్రేక్ వేయండి. డిస్కుల మీద తడి ఉంటే మొదటి బ్రేక్ సరిగా పట్టదు. ఆ తడి పోయాకే హైవే ఎక్కండి. ఇంటిల్లిపాదీ కూర్చునే బండి.. మెరుపు కంటే బ్రేకే ముఖ్యం కదా!