మీట ఎవరి చేతిలో? మెదడులోని విద్యుత్ పరికరాలు, కర్తృత్వం

సంస్కృత వ్యాకరణంలో కర్తకు పాణిని చెప్పిన లక్షణం స్వతంత్రత. మెదడులో ఎలక్ట్రోడులు అమర్చి, విద్యుత్తుతో శరీరాన్నీ మనస్సునూ ప్రభావితం చేసే వైద్యం ఈ లక్షణాన్ని సందిగ్ధంలో పడవేసింది. విద్యుత్తు నడిపించిన వ్యక్తి ఎంతవరకు కర్త అన్నది ఆ వైద్యచరిత్రలో పరిశీలించదగిన అంశం.

1963లో స్పెయిన్‌లోని కార్డోబాలో శాస్త్రజ్ఞుడు హోసే డెల్గాడో, తన మీదికి దూకుతున్న ఎద్దును దాని మెదడులోకి పంపిన రేడియో సంకేతంతో నిలిపివేశాడు. మీట పూర్తిగా ప్రయోగకర్తది. అమెరికాలోని తులేన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హీత్ 1950 నుంచే మానసిక రోగుల మెదళ్లలో ఎలక్ట్రోడులు అమర్చాడు. ఒక యువకుడి స్వలింగాసక్తిని మార్చడానికి చేసిన ప్రయత్నాన్ని 1972లో ప్రచురించాడు. అందులో కొంతసేపు మీటను ఆ యువకుడికే ఇచ్చారు. అతడు దానిని వందలసార్లు నొక్కాడు. తొలగించబోతే అభ్యంతరం చెప్పాడు. మీట చేతికి వచ్చినంత మాత్రాన కర్తృత్వం సిద్ధించదని ఈ ఘట్టం నిరూపిస్తుంది. పైగా 1973లోనే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగాసక్తిని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. అంటే ఆ చికిత్స సరిదిద్దబోయింది రోగాన్ని కాదు, సమాజం రోగమని పేర్కొన్న స్వభావాన్ని.

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం లూయీ బెనాబిద్ బృందం చూపిన మార్గంలో డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ పార్కిన్సన్ వణుకుకు చికిత్సగా స్థిరపడింది. ఇక్కడ ప్రయోజనం నిస్సందేహం. చిక్కు మాత్రం మరింత సూక్ష్మం. 2004లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన ఒక ఉదంతంలో, పరికరం పనిచేస్తున్నప్పుడు రోగి శరీరం స్వాధీనంలో ఉన్నా, ఉన్మాదస్థితి వల్ల వివేచన లోపించింది. ఆపివేస్తే వివేచన తిరిగి వచ్చింది. కాని శరీరం మంచానికే పరిమితమయింది. వైద్యులు పరికరాన్ని ఆపి, వివేచన ఉన్న స్థితిలోనే రోగి అభిప్రాయం అడిగారు. పరికరం కొనసాగించి, మానసిక చికిత్సాలయంలో ఉండడానికే ఆ రోగి మొగ్గు చూపాడు.

ఈ నిర్ణయంలో ఒక స్థితిలోని మనిషి మరొక స్థితిలోని తనను నిర్బంధానికి అప్పగించాడు. అయినా ఇది స్వతంత్ర నిర్ణయమే. ఎందుకంటే విద్యుత్ ప్రభావానికి వెలుపల నిలిచి ఆలోచించే అవకాశం అతడికి లభించింది. హీత్ ప్రయోగంలోని యువకుడు మీట నొక్కిన వేళ లోపించినది ఆ అవకాశమే. భారతదేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 96వ సెక్షను మానసిక శస్త్రచికిత్సకు రోగి సమ్మతిని, బోర్డు అనుమతిని తప్పనిసరి చేసింది. అవి రెండూ శస్త్రచికిత్సకు ముందటి రక్షణలు. పరికరం అమరిన తరువాత ఆ సమ్మతిని పునఃపరిశీలించుకునే అవకాశం కూడా హక్కుగా ఉన్నప్పుడే రోగి కర్తగా మిగులుతాడు.