పౌర గ్రంథాలయాల వనరులు, సేవలు: ఒక చారిత్రక పరిశీలన

మీ ఇంటి పన్ను రసీదును ఒకసారి తీసి చూడండి. అందులోని పద్దుల మధ్య గ్రంథాలయ పన్ను అనే చిన్న పద్దు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున దీన్ని వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు గ్రంథాలయానికి 80 రూపాయలు ఇస్తున్నదన్నమాట. ప్రభుత్వ గ్రంథాలయంలో మీకు దొరికిన పుస్తకానికీ, దొరకని పుస్తకానికీ ఈ పద్దుతో సంబంధం ఉంది. ఆ సంబంధం ఎలా ఏర్పడిందో, ఎక్కడ తెగుతున్నదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

దాతల కాలం

తెలుగునాట గ్రంథాలయాలు మొదట ప్రభుత్వ నిధులతో పుట్టలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. దాని వెనుక కొమర్రాజు వెంకట లక్ష్మణరావు కృషి, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుల అండ ఉన్నాయి. 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ద్వారా అయ్యంకి వెంకట రమణయ్య ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపి, ఒడ్డునున్న పల్లెలకు అందించారు.

ఈ కాలంలో డబ్బు తక్కువ, పట్టుదల ఎక్కువ. ఊరివాళ్లు గ్రంథాలయాన్ని తమదిగా భావించి కాపాడుకున్నారు. అయితే ఇందులో ఒక పరిమితి ఉంది. దాత ఉన్న ఊరికి గ్రంథాలయం వచ్చింది, లేని ఊరికి రాలేదు. నిర్వాహకుడు కాలం చేసిన తరువాత తలుపులు మూసుకున్న గ్రంథాలయాలూ ఉన్నాయి. చదువుకునే అవకాశం ఒకరి దయ మీద ఆధారపడకూడదంటే నిలకడగా వచ్చే ఆదాయం కావాలి.

చట్టం తెచ్చిన మార్పు

ఆ ఆదాయాన్ని చట్టం కల్పించింది. ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టాన్ని చేసుకుంది. రాష్ట్రావతరణ తరువాత ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దానికొక గ్రంథాలయ నిధి ఏర్పడ్డాయి. పశ్చిమ బెంగాల్ 1979లో చేసిన చట్టంలో గ్రంథాలయ పన్ను లేదు. అక్కడ గ్రంథాలయాలు ప్రధానంగా బడ్జెట్ కేటాయింపుల మీద ఆధారపడతాయి. మన చట్టం మాత్రం గ్రంథాలయానికంటూ ఒక సొంత ఆదాయ మార్గాన్ని చూపింది.

జిల్లాను ప్రమాణంగా ఎందుకు తీసుకున్నారో ఒక లెక్కతో గ్రహించవచ్చు. ఒక గ్రామంలో 500 ఇళ్లు, సగటున 400 రూపాయల పన్ను అనుకుందాం. గ్రంథాలయ పన్ను ఏడాదికి 16,000 రూపాయలు వస్తుంది. రోజూ 7 రూపాయల దినపత్రికలు మూడు తెప్పిస్తే 7,665 రూపాయలు అవుతుంది. దాదాపు సగం పత్రికలకే పోయింది. మిగిలిన దానితో కరెంటు బిల్లు కట్టాక పుస్తకాలకు ఏం మిగులుతుంది? అదే జిల్లాలోని ఒక పురపాలక సంఘంలో 20,000 భవనాలు, సగటు పన్ను 2,000 రూపాయలైతే గ్రంథాలయ పన్ను 32 లక్షలు. ఈ రెండూ ఒకే నిధిలో చేరితేనే పట్టణపు రాబడి పల్లె పాఠకుడికి చేరుతుంది.

వసూలు ఒకరిది, ఖర్చు మరొకరిది

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పన్నును వసూలు చేసేది పంచాయతీలు, పురపాలక సంఘాలు. దాన్ని ఖర్చు చేయవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థ. స్థానిక సంస్థలకు తమ అవసరాలే తీరనప్పుడు, చేతిలో ఉన్న గ్రంథాలయ పన్నును అట్టే ఉంచుకోవడం పరిపాటి అయింది. పౌరుడు పన్ను కట్టాడు, రసీదు తీసుకున్నాడు. సంస్థ ఖాతాలో మాత్రం అది బకాయిగానే మిగిలింది. పట్టణం పడిన బకాయి పల్లె శాఖా గ్రంథాలయంలో పుస్తకాల కొరతగా బయటపడుతుంది.

నిధి తగ్గినప్పుడు అన్ని సేవలూ ఒకేసారి తగ్గవు. భవనం అద్దె, కరెంటు బిల్లు ఆపడం కుదరదు. సిబ్బంది వేతనాలకు ప్రభుత్వ గ్రాంటు ఉన్నా, ఖాళీలు భర్తీ కాకపోతే ఒకే గ్రంథపాలకుడు రెండు శాఖలు చూడాలి. అప్పుడు ఒకచోట తాళం పడక తప్పదు. అన్నిటికన్నా తేలికగా వాయిదా పడేది పుస్తకాల కొనుగోలు. దాన్ని ఆపితే ఆ రోజు ఎవరూ అడగరు. అయిదేళ్లు గడిచాక బీరువాలో పాత పుస్తకాలే కనిపిస్తాయి.

పోటీ పరీక్షలకు చదివే యువతను గమనించండి. చాలాచోట్ల వారు తమ పుస్తకాలు తామే తెచ్చుకొని గ్రంథాలయంలో కూర్చుంటున్నారు. అంటే గ్రంథాలయం వారికి బల్ల, ఫ్యాను ఇవ్వగలుగుతోంది, పుస్తకం ఇవ్వలేకపోతోంది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలని 1931లో రంగనాథన్ చెప్పిన సూత్రంతో పోలిస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. కొనగలిగినవాడు చదువుతాడు. కొనలేనివాడి కోసమే కదా గ్రంథాలయం ఏర్పడింది!

బయటి సాయం కూడా ఈ లోటును పూర్తిగా పూడ్చలేదు. 1972లో కేంద్రం నెలకొల్పిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పుస్తకాలు అందిస్తోంది. కాని దాని సమాన వాటా పథకంలో రాష్ట్రం తన వాటా చెల్లిస్తేనే కేంద్రం వాటా వస్తుంది.

వనరులంటే డబ్బు ఎంత ఉంది అన్నది మాత్రమే కాదు. అది సకాలంలో సరైన చోటికి చేరిందా అన్నది కూడా. పన్ను రేటును పెంచినా ఈ దారి సరిపడకపోతే బకాయి పెరుగుతుందే తప్ప పుస్తకాలు పెరగవు.

మీరు చేయవలసిన పని

మీకు దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి మూడు విషయాలు రాసుకోండి: గత ఏడాది కొత్తగా ఎన్ని పుస్తకాలు చేరాయి, వారానికి ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, శాశ్వత సిబ్బంది ఎందరు. మీ స్థానిక సంస్థ వసూలు చేసిన గ్రంథాలయ పన్ను ఎంత, జిల్లా సంస్థకు జమచేసింది ఎంత అని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. పన్ను కట్టిన మీకు ఆ లెక్క అడిగే హక్కు ఉంది. వచ్చిన సమాధానాన్ని మొదటి మూడు విషయాల పక్కన పెట్టి, ఒక పేజీకి మించకుండా మీ పరిశీలన రాయండి.